చిటపటలకు మందు కొత్త డిస్ట్రో కాదు

"అన్నా, మింట్ తీసేసి ఉబుంటు వేశాను. అయినా రికార్డింగులో చిటపటలు పోలేదు. ఇక డెబియన్ వేయనా?" ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. మింట్, ఉబుంటు, డెబియన్ అన్నీ డిస్ట్రోలే, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో రకరకాల కూర్పులు.

అపోహ: సరైన డిస్ట్రో దొరికితే ఆడియో దానంతటదే బాగుపడుతుంది.

వాస్తవం: ఎక్కడైనా నడిచేది అదే లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కు గుండె), అదే ఆల్సా (అందులో సౌండ్ కార్డును నడిపే భాగం), దానిమీద జాక్ లేదా పైప్‌వైర్ (ప్రోగ్రాములకు శబ్దాన్ని చేరవేసేవి). ఉబుంటు స్టూడియో, ఏవీ లినక్స్ వంటి ఆడియో డిస్ట్రోలలో కొన్ని సెట్టింగులు ముందే చేసిపెట్టి ఉంటాయి. వాటిని మీ పాత సిస్టమ్‌లోనే చేసుకోవచ్చు.

ఒక కీబోర్డు కళాకారుడు నెలలో నాలుగుసార్లు డిస్కు ఫార్మాట్ చేశాడు. మూడోసారి, వాళ్ల అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు పోయాయి. ఇంకో కాపీ లేదు. ఆవిడ ఇప్పుడు పాడే స్థితిలో లేరు. చివరికి డెబియన్ వేసుకుని లాప్‌టాప్ నా దగ్గరకు తెచ్చాడు. టెర్మినల్‌లో "యులిమిట్ -ఆర్" (ulimit -r) కొట్టాను. సున్నా వచ్చింది. జాక్‌కు రియల్‌టైమ్ ప్రాధాన్యం (మిగతా పనులకంటే ముందు ప్రాసెసర్ అందడం) అడిగే అనుమతే లేదన్నమాట. డెబియన్‌లో జాక్ వేసేటప్పుడు ఆ అనుమతి ఇవ్వాలా అని అడుగుతుంది. ముందే ఎంచి ఉండేది "వద్దు". చదవకుండా ఎంటర్ నొక్కేశాడు. దాన్ని "సరే"గా మార్చి, అతన్ని ఆడియో గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యాం. ఈసారి అదే కమాండ్‌కు 95 వచ్చింది. ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే సీపీయూ గవర్నర్‌ను పవర్‌సేవ్ నుంచి పర్ఫార్మెన్స్‌కు మార్చాం. బఫర్ (ఒక్కో విడతలో పట్టే శబ్దం) 128 ఫ్రేములకు పెట్టి గంటసేపు వాయించాడు, ఒక్క ఎక్స్‌రన్ (డేటా సమయానికి అందక శబ్దం తెగడం) లేదు. కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, "పది నిమిషాల పనికి ఆ పాటలు పోగొట్టుకున్నానా అన్నా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

మిగతా పుకార్లు. రియల్‌టైమ్ కెర్నల్ లేనిదే పని జరగదట! కెర్నల్‌ను రియల్‌టైమ్‌గా మార్చే ప్రీఎంప్ట్-ఆర్‌టీ 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నల్‌లోనే కలిసింది. ఇంటి రికార్డింగుకు మామూలు కెర్నల్ చాలావరకు సరిపోతుంది. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 ఫ్రేములు) దగ్గర 128 ఫ్రేముల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో మీటరు దూరం కూడా పోదు.

పైప్‌వైర్ వస్తే జాక్ ప్రోగ్రాములు మూలపడతాయన్నది అబద్ధం, అవి దానిమీదే నడుస్తాయి. విండోస్ ప్లగిన్లు (వాద్యాలు, ఎఫెక్టులు ఇచ్చే చేర్పులు) వాటిని లినక్స్‌లో నడిపే యాబ్రిడ్జ్‌తో చాలానే పనిచేస్తాయి, లైసెన్సు తాళాలున్నవి కొన్ని మొండికేస్తాయి. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, వాద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొనేటప్పుడు క్లాస్ కంప్లయంట్ (ప్రత్యేక డ్రైవర్ లేకుండానే పనిచేసేది) అవునో కాదో చూడండి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఉబుంటు స్టూడియో వేసుకోండి. ఉబుంటు ఇప్పటికే ఉంటే స్టూడియో ఇన్‌స్టాలర్‌ను దానిమీదే నడపవచ్చు, ఫార్మాట్ అక్కర్లేదు. చిటపట వినిపించి చేయి కొత్త డిస్ట్రో ఉన్న పెన్‌డ్రైవ్ మీదికి పోతుంటే, ముందు ఆర్డర్ (Ardour అనే రికార్డింగ్ ప్రోగ్రాము) ప్రాజెక్టుల ఫోల్డర్‌ను వేరే డిస్కులోకి కాపీ చేయండి. తర్వాత యులిమిట్ చూడండి.