ట్యాంకులో వెలితి

ఏటా ఎండలు ముదరగానే మా ఫ్యామిలీ గ్రూపులో అదే మెసేజ్ తిరుగుతుంది, "పెట్రోల్ ఫుల్ ట్యాంక్ కొట్టించకండి, ఎండకి పేలిపోద్ది, సగమే కొట్టించండి" అని. ఈసారి గాజువాకలో ఉండే మా మేనల్లుడు కొత్త బండి కొన్నాడు, వాడు ఫోన్ చేసి "మావయ్యా, సగం కొట్టిస్తే నిజంగా సేఫేనా?" అన్నాడు. పెట్రోల్ తనంతట తాను అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలిరా, వైజాగ్‌లో ఎండ ఎంత కాసినా అందులో ఐదో వంతు కూడా ఉండదు, బంకులో పైపు టక్‌మని ఆగిపోయేదాకా కొట్టించుకో, ఆ పైన కక్కుర్తి పడి ఇంకో రెండు చుక్కలు పోయించకు అని చెప్పా. ఐదు లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది వంద మిల్లీలీటర్ల లోపే, పైపు ఆగినచోట ఆగితే దానికి చోటు మిగిలే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ "సగం" నన్ను వదల్లేదు. మిగతా సగంలో ఏముందో మన స్కూళ్లలో ఎవరూ చెప్పరు మరి.

ట్యాంకులో ద్రవం పైన మిగిలే ఆ ఖాళీని ఇంగ్లీషోళ్లు అల్లేజ్ అంటారు, వైన్ పీపాల దగ్గర పుట్టిన మాట. మనకి అంతకంటే మంచి మాట ఉంది, వెలితి. కుండ వెలితిగా ఉంది అంటాం చూడండి, అదే. ఆయిల్ షిప్పుల మీద సరుకు ఎంతుందో చూడ్డానికి చాలాసార్లు ఆయిల్ లోతు కొలవరు, ఈ వెలితినే కొలుస్తారు, పైన మూత దగ్గర్నించి టేపు దించుతారు, దాని చివర ఇత్తడి గుండు ఉంటుంది, ఇత్తడైతే దేనికన్నా తగిలినా నిప్పురవ్వ లేచే భయం తక్కువ. అది కూడా లోడింగ్ అయిన వెంటనే దించరు, అరగంట ఆగుతారు, పైపుల్లో ఒరుసుకుంటూ వచ్చిన ఆయిల్‌లో చేరిన స్టాటిక్ కరెంటు దిగిపోవాలి కదా.

ఇప్పుడు విచిత్రం చూడండి. మంట రావాలంటే గాలిలో పెట్రోల్ ఆవిరి దాదాపు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్యలో ఉండాలి. మన ఎండల్లో బండి ట్యాంకు వెలితిలో సగం దాకా ఆవిరే ఉంటుంది! పొయ్యిలో కట్టెలు కుక్కేస్తే పొగ వస్తుందిగానీ మంట రాదు చూడండి, అలాగే అక్కడ మంటకి గాలి చాలదు. ప్రమాదమంతా మూత తీసినచోట, ఆ చిక్కటి ఆవిరి బయటి గాలిలో కలిసి పల్చబడేచోట ఉంది. అందుకే బంకులో ఫోన్, సిగరెట్టు వద్దంటారు.

విమానం ఆయిల్ కథ వేరు. అది మామూలు వేడిలో చాలినంత ఆవిరవ్వదు, 38 డిగ్రీలు దాటితేగానీ వెలితి అంటుకునే స్థితికి రాకూడదనేదే దాని రూలు. 1996 జులై 17న న్యూయార్క్‌లో లేచిన టీడబ్ల్యూఏ 800 విమానం పన్నెండు నిమిషాల్లో గాలిలోనే పేలిపోయింది, 230 మంది పోయారు. పేలింది మధ్య ట్యాంకు, అందులో ఉన్న ఆయిల్ 50 గ్యాలన్లు, మిగతాదంతా వెలితి! ట్యాంకు పట్టేది దాదాపు 13 వేల గ్యాలన్లు. విమానం నేల మీదున్న రెండు గంటలకు పైగా దాని కిందున్న ఏసీ యంత్రాలు ఆ ట్యాంకుని కాచాయి, పైకెళ్లేకొద్దీ బయట గాలి పల్చబడి ఆవిరి వాటా పెరిగింది. నిప్పు ఎక్కణ్ణించి వచ్చిందో కచ్చితంగా తేలలేదు, వైర్ల షార్ట్ సర్క్యూటే అయ్యుండొచ్చన్నారు. ఆ తర్వాత 2008లో అమెరికా రూలు తెచ్చింది, గాలిలోంచి ఆక్సిజన్ని తగ్గించి నైట్రోజన్ ఎక్కువున్న గాలిని వెలితిలోకి పంపే పద్ధతి వచ్చింది, ఆక్సిజన్ 12 శాతానికి లోపుంటే నిప్పు పడ్డా మంట పాకదు. షిప్పులవాళ్లు ఈ పాఠం ముందే నేర్చుకున్నారు, 1969 డిసెంబర్ ఒక్క నెలలో మూడు పెద్ద ట్యాంకర్లు, అవి కూడా ఖాళీ ట్యాంకులు నీళ్లతో కడుగుతుంటే పేలాయి. కడిగే నీటి తుంపర్లే కరెంటు మోశాయని రీసెర్చిలో తేలింది. ఇప్పుడు బాయిలర్ పొగనే కడిగి చల్లార్చి ట్యాంకుల్లోకి పంపి, ఆక్సిజన్ 8 శాతం దాటకుండా చూస్తారు.

ఖాళీ బిందె ఎదురొస్తే అపశకునం అనేవాళ్లు మా ఊళ్లో. అది మూఢనమ్మకమే, ఆ బిందె మోస్తున్న మనిషికి నీళ్లు దొరకలేదని మాత్రమే దానర్థం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ట్యాంకుల ఊపిరి. యారాడ కొండ రోడ్డెక్కి మల్కాపురం వైపు చూస్తే తెల్లటి ఆయిల్ ట్యాంకులు వరసగా కనిపిస్తాయి, అవన్నీ ఊపిరి పీలుస్తాయి, నిజంగా. పగలు ఎండకి వెలితిలో గాలి, ఆవిరి వ్యాకోచించి పైనున్న బ్రీదర్ వాల్వులోంచి బయటికి పోతాయి, రాత్రి చల్లబడితే బయటి గాలి లోపలికొస్తుంది. లెక్క వేద్దాం. ఒక ట్యాంకులో పదివేల ఘనపు మీటర్ల వెలితి ఉందనుకోండి, లోపల వేడి 45 డిగ్రీలు, మధ్యాహ్నం ఒక్కసారిగా గాలివాన కొట్టి అది 30కి పడిపోయింది. కెల్విన్లలో 318 నుంచి 303, అంటే నూటికి 4.7 వంతు తగ్గింది, 470 ఘనపు మీటర్లు. ఇరవై వేల లీటర్ల లారీ ట్యాంకర్లు ఇరవై మూడింటికి సరిపడే గాలి, అదంతా ఆ వాల్వు సందులోంచే వెళ్లాలి! ఆవిరి కూడా గోడల మీద చుక్కలుగా మారిపోతుంది కాబట్టి అసలు లోటు ఇంకా ఎక్కువే. బీచ్ రోడ్డులో స్ట్రా పెట్టి కొబ్బరినీళ్లు తాగుతాం కదా, ఒక జానెడు ఎత్తు పీలుస్తాం, అంత పీల్పుని ఆ మహా ట్యాంకు తట్టుకోలేదు, కొన్ని సెంటీమీటర్ల నీటి ఎత్తుకే దాని గట్టితనం అయిపోతుంది. లోపలున్న ఆయిల్ బరువు మోసేలా కట్టిన రేకు అది, బయట్నించి నొక్కితే నలిగిపోతుంది. పెయింటు వేసేటప్పుడు వాల్వులో రంగు పడకుండా పాలిథిన్ కవరు కట్టి, తీయడం మర్చిపోతే చాలు. నమ్మకపోతే వేడినీళ్లు ఒక పల్చటి వాటర్ బాటిల్‌లో పోసి, అటూ ఇటూ తిప్పి ఒంపేసి, వెంటనే మూత బిగించి చూడండి. గ్యాస్ సూత్రాలు పిస్టన్ బొమ్మ గీసి బట్టీ కొట్టించే బదులు ఈ బాటిల్ ఒక్కటి క్లాసులో చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. తెల్లరంగు వేసేది ఈ ఊపిరి తగ్గించడానికే. పెట్రోలు, క్రూడ్ లాంటి వాటికైతే పైకప్పునే ఆయిల్ మీద తేలేలా చేసి, వెలితే లేకుండా చేస్తారు.

ఇదంతా విన్నాక ఎవరైనా ఏమంటారు, వెలితిలో ఆక్సిజన్ మొత్తం తీసేస్తే గొడవుండదు కదా అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, స్టైరీన్ గురించి చదివేదాకా. స్టైరీన్ అంటే ప్లాస్టిక్, థర్మాకోల్ తయారీకి వాడే ద్రవం, అది తనలో తానే గొలుసులుగా అల్లుకుని గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా తొందరగా అల్లుకుంటుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే మందు మిలియన్‌కి పదో పదిహేనో పాళ్లు కలుపుతారు, అయితే ఆ మందు పనిచెయ్యాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి, అది పైనున్న వెలితిలోంచే రావాలి. కాబట్టి ఆ వెలితిలో ఆక్సిజన్ మంటకి చాలనంత తక్కువగా, మందుకి సరిపడేంతగా ఉండాలి. ఇంకో చిక్కు, టీబీసీ ఆవిరవ్వదు. స్టైరీన్ ఆవిరి మాత్రం లేచి పైకప్పుకి చుక్కలుగా పడుతుంది, ఆ చుక్కల్లో మందుండదు, అక్కడే గట్టిపడి గుహల్లో రాళ్లలాగా వేలాడుతుంది, వాల్వుల్ని మూసేస్తుంది.

2020 మే 7 తెల్లవారుజామున వైజాగ్ ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైంది ఇలాంటి స్టైరీన్ ట్యాంకులోంచే, 12 మంది చనిపోయారు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర మా ఇంట్లో కిటికీలు బిగించుకుని తడిగుడ్డలు మూతికి కట్టుకుని కూర్చున్నాం, ఆ ట్యాంకులో ఏం జరిగిందో నాకు చాన్నాళ్ల తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రిపోర్టు గురించి చదివాకే అర్థమైంది. లాక్‌డౌన్లో సరుకు అలా నిలవుండిపోయింది, టీబీసీ చాల్లేదు, కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూడలేదు. వేడి చూపించే పరికరం ట్యాంకు అడుగున ఉంది, చల్లగా ఉండేచోట. పై పొరల్లో ఎంత వేడుందో చూసే పరికరం ఏదీ లేదు.