సిల్వర్ పెయింట్ కింద తెల్ల డబ్ల్యూ

విశాఖ వన్‌టౌన్‌లో మా అమ్మమ్మగారింటి అటక మీద ఒక ఇనప టోపీ దొరికింది, పళ్లెం బోర్లించినట్టుండే బ్రిటిష్ హెల్మెట్. మా పెద్దమావయ్య ఎప్పుడో గేటుకి సిల్వర్ పెయింట్ వేస్తూ, మిగిలింది దీనికి కూడా పూసేశాడు. తాతయ్య 1942లో ఏఆర్‌పీ వార్డెన్, అంటే విమానదాడి భయం ఉన్నప్పుడు వీధిలో దీపాలు ఆర్పించే వాలంటీరు. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, పేలకుండా మిగిలిన ఒక బాంబు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వార్డెన్ నల్ల టోపీ మీద తెల్లగా ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం రాసేవారు.

అది సిల్వర్ కింద ఉందా లేదా? కొన్ని రంగుల కింద దాగిన గీతల్ని ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో చూడొచ్చు, కానీ సిల్వర్ పెయింట్ అంటే అల్యూమినియం రేకుల పొడి, అది ఇన్‌ఫ్రారెడ్‌ని అద్దంలా వెనక్కి కొట్టేస్తుంది. అందుకని గదిలో లైట్లార్పి టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేశాను. పాత కుంచె గీసిన గట్లు నీడలు పడి, అక్షరం తేలింది!

ఆటోనగర్‌లో తెలిసిన పెయింటరు "కాస్టిక్ నీళ్లలో ముంచండి సార్, గంటలో రంగంతా ఊడిపోద్ది" అన్నాడు. ఊడిపోతుంది, డబ్ల్యూతో సహా. ఆ కాలం రంగుల్లో ఎక్కువగా ఉండేది అవిసె నూనె, ఇంట్లో సబ్బు చేసేటప్పుడు కాస్టిక్ సోడా నూనెని ఏం చేస్తుందో పాత రంగునీ అదే చేస్తుంది, సబ్బుగా మార్చి కడిగేస్తుంది.

ఉప్పుకాగితంతో రుద్దడం ఇంకా ప్రమాదం. పైపొర ఎక్కడ ఆగిందో, కిందిది ఎక్కడ మొదలైందో దానికి తెలియదు, పైగా పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి ఆ ధూళి పిల్లలున్న ఇంట్లో అసలు లేవకూడదు.

మరి థిన్నర్లు? ఇక్కడ బెల్లానికీ శనగపప్పుకీ ఉన్న తేడా గుర్తుపెట్టుకోవాలి. కార్లకి కొట్టే కొన్ని పాత లాకర్ రంగులు అసిటోన్‌లో బెల్లంలా కరిగిపోతాయి. గేటుకి వేసే ఎనామెల్, అవిసె నూనె రంగు మాత్రం గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని వలలా అల్లుకుపోయి ఆరతాయి, అవి కరగవు, శనగపప్పులా నాని ఉబ్బుతాయి. రెండు పొరలూ ఒకే జాతివైతే పైది నానేలోపు కిందిది కూడా నానడం మొదలవుతుంది. కాబట్టి ఏ ద్రావకం వాడాం అన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపు ఉంచాం అన్నదీ అంతే ముఖ్యం.

మమ్మల్ని కాపాడింది మావయ్య తొందర. టోపీని తుడవకుండా, రుద్దకుండా పూశాడు, అందుకే రెండు రంగుల మధ్య ముప్పై ఏళ్ల జిడ్డు, దుమ్ము అలాగే ఉండిపోయి సిల్వర్ గట్టిగా పట్టలేదు. ఆయన పద్ధతిగా ఉప్పుకాగితం పట్టుంటే డబ్ల్యూ ఆరోజే పోయేది.

ముందు అంచు లోపల, కనబడని చోట, గోరంత మేర టర్పెంటైన్‌తో చూశాను, కదల్లేదు. స్పిరిట్‌కి కాస్త మెత్తబడింది. అసిటోన్ అద్దిన దూదిని రుద్దకుండా దొర్లించి, అర నిమిషం ఆగి, వెదురు పుల్లతో అంచు నుంచి లేపితే సిల్వర్ పెచ్చులుగా వచ్చింది. కిటికీలన్నీ తెరిచి, చేతికి గ్లవ్స్ వేసుకుని, పొయ్యికి దూరంగా. ప్రతిసారీ దూది చూడటమే అసలు పని: వెండి రంగు అంటితే సరే, నలుపో తెలుపో అంటితే వెంటనే ఆపేయాలి. రోజుకి రెండు అంగుళాలు దాటలేదు, మధ్యలో పూర్తిగా ఆరనివ్వాలి కదా.

గుర్తంటే రంగొక్కటే కాదు. అంచున చిన్న రంధ్రాలు కనిపించాయి, తుప్పు తిన్నవేమో అనుకుని పుట్టీ పెట్టబోయాను. అవి కావాలని వేసినవి, ఈ టోపీ యుద్ధభూమికి సరిపోదు, పౌర రక్షణకే అని చెప్పడానికి. అయస్కాంతం కూడా అతుక్కుంది. 1915లో జాన్ బ్రోడీ పేటెంట్ చేసిన ఈ నమూనాలో సైనికులకిచ్చినవి మాంగనీస్ ఉక్కువి, వాటికి అయస్కాంతం పట్టదు.

మన సముద్రగాలిలో ఉప్పు ఉంటుంది, బయటపడ్డ ఇనుము వారంలో ఎర్రబడుతుంది, అందుకని పనైన చోటల్లా మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పూశాను. డబ్ల్యూ కుడి కాలు మీద మాత్రం బొటనవేలి గోరంత సిల్వర్ ఉండిపోయింది. అక్కడ దూదికి తెలుపు అంటింది, అక్కడితో ఆపేశాను.