వాక్యూమ్ హార్డెనింగ్: మా షాపులో రోజూ వినే అపోహలు

గాలి తీసేసిన ఫర్నేస్‌లో ఉక్కును బాగా వేడిచేసి, చల్లార్చి గట్టిపరచడమే వాక్యూమ్ హార్డెనింగ్. మా షాపు పని అదే. హార్డెనింగ్ అయిన డై (లోహాన్ని ఆకారంలోకి తెచ్చే ఉక్కు అచ్చు) తీసుకెళ్లడానికి వచ్చిన టూల్ రూమ్ వాళ్లు ముందు దాన్ని వెలుతురుకి తిప్పి చూస్తారు. వెండిలా మెరిస్తే సంతోషం. ఎక్కడైనా లేత పసుపు కనిపిస్తే టెన్షన్. హార్డ్‌నెస్ (గట్టిదనం) ఎంత వచ్చిందన్న ప్రశ్న ఆ తర్వాతే. నెలల తరబడి మిషన్ల మీద కష్టపడి చేసిన డై అది. దాని మంచిచెడ్డలు పైరంగును బట్టి తేల్చేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తళతళలాడితే హార్డెనింగ్ బాగా కుదిరినట్టే.

ఫర్నేస్‌లో వేడిగా ఉన్నంతసేపు ఉక్కుకు ఆక్సిజన్ తగల్లేదని మాత్రమే ఆ మెరుపు చెబుతుంది. మైల్డ్ స్టీల్ ముక్కను వేసినా అంతే అందంగా బయటికొస్తుంది, కానీ ఆకురాయి పెడితే ఇట్టే అరిగిపోతుంది. రంగు మారినంత మాత్రాన పాడైనట్టూ కాదు. టెంపరింగ్‌ను (గట్టిపడ్డాక పెళుసుదనం తగ్గించడానికి మళ్లీ వేడిచేయడాన్ని) విడిగా మామూలు ఫర్నేస్‌లో 550 డిగ్రీల దగ్గర చేస్తే నీలం, బూడిద రంగు పొర రావడం సహజం. దానివల్ల డైకి నష్టం లేదు. హార్డెనింగ్ నుంచే రంగుతో వస్తే మాత్రం ఎక్కడో లీకో, తేమో ఉన్నట్టు. అప్పుడు ఫర్నేస్ ఆపి లీక్ టెస్ట్ చేయాల్సిందే.

అపోహ: మీటర్ 1,020 డిగ్రీలు చూపిస్తే డై కూడా 1,020లో ఉన్నట్టే.

డైలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. గాలి లేనిచోట వేడి ఎలా చేరుతుందని అడుగుతుంటారు. ఎండ మనకు చేరినట్టే, రేడియేషన్‌తో. వేడినిచ్చే ఎలిమెంట్లకు ఎదురుగా ఉన్న ముఖం ముందు వేడెక్కుతుంది, పక్క జాబ్ (లోపల పెట్టిన మరో ముక్క) నీడలో ఉన్నది వెనకబడుతుంది. పైగా 600 డిగ్రీల లోపు రేడియేషన్ చాలా మందకొడిగా పనిచేస్తుంది. అందుకే కొన్ని ఫర్నేస్‌లలో మొదట నైట్రోజన్ నింపి, ఫ్యాన్ తిప్పి వేడి చేస్తారు.

గోడ దగ్గరి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 1,020 చూపించినా, 150 మిల్లీమీటర్ల మందమున్న హెచ్13 (డై ఉక్కులో ఒక రకం) దిమ్మ నడిమధ్య అప్పటికి ఇంకా చాలా తక్కువలో ఉంటుంది. అందుకే 650 దగ్గర ఒకసారి, 850 దగ్గర ఒకసారి ఆపి, లోపలా బయటా సమానమయ్యాకే పైకి తీసుకెళ్లాలి. డైలో కూలింగ్ హోల్ ఉంటే అందులోకే ఒక థర్మోకపుల్ పంపాలి. సోక్ టైమ్ (ఆ వేడిలో ఉంచాల్సిన సమయం) లెక్క అది 1,020 చూపించినప్పటి నుంచే మొదలవ్వాలి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం గానీ, గిన్నె పట్టుకుని చూడం కదా. సోక్ చాలకపోతే హార్డ్‌నెస్ రాదు. భయపడి అతిగా ఉంచితే గ్రెయిన్ (ఉక్కు లోపలి రేణువుల సైజు) పెరిగి డై పెళుసుబారుతుంది.

అపోహ: వాక్యూమ్‌లో ఏ ఉక్కైనా గట్టిపడుతుంది.

చల్లార్చేటప్పుడు అసలు లోపల వాక్యూమే ఉండదు. 6 బార్, 10 బార్ (బార్ అంటే సుమారుగా మామూలు గాలి ఒత్తిడి) ఒత్తిడితో నైట్రోజన్ నింపి ఫ్యాన్‌తో తిప్పుతాం. ఎంత తిప్పినా మందపాటి జాబ్‌ను ఆయిల్‌లో ముంచినంత వేగంగా చల్లార్చలేం. హెచ్13, హెచ్‌సీహెచ్‌సీఆర్, ఎం2 లాంటివి గాలికే గట్టిపడే రకాలు కాబట్టి వాటికి సరిపోతుంది. ఆయిల్‌లో చల్లార్చాల్సిన ఈఎన్24, ఓహెచ్ఎన్ఎస్ రకాల మందపాటి ముక్కలు తెచ్చి వాక్యూమ్‌లోనే చేయమంటే నేను వద్దంటాను. వచ్చిన పని పోయినా పర్వాలేదు, సరిగా గట్టిపడని పంచ్ (రేకుకు రంధ్రం కొట్టే పనిముట్టు) చేతికివ్వలేను. గ్రేడ్ ఏదో గుర్తు లేదనే వాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను, మెటీరియల్ సర్టిఫికెట్ లేకుండా రాకండి.

అపోహ: వాక్యూమ్ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది.

టూల్ స్టీల్‌కు ఆ లెక్క పనికిరాదు. 1,000 డిగ్రీలు దాటాక వాక్యూమ్ మరీ లోతుగా ఉంటే పైపొరలోని క్రోమియం ఆవిరై పోతుంది. అందుకే కొద్దిగా నైట్రోజన్ వదిలి ఉంచుతాం. జింక్ అయితే మరీను. మామూలుగా 907 డిగ్రీల దగ్గర మరిగే జింక్, వాక్యూమ్‌లో 400 కూడా చేరకముందే ఆవిరవడం మొదలవుతుంది. నేను పనిలో చేరిన కొత్తలో ఒక డై కూలింగ్ లైన్‌లో ఇత్తడి ప్లగ్ ఉండిపోయింది, మేం చూసుకోలేదు. ఆ జింక్ అంతా ఫర్నేస్ లోపల చల్లటి చోట్ల పొరలా పట్టేసింది. రోజుల తరబడి శుభ్రం చేశాం. అప్పటి నుంచి లోడ్ పెట్టే ముందు ప్రతి రంధ్రంలోకీ టార్చ్ వేసి చూస్తాను. కటింగ్ ఆయిల్ ఉండిపోయినా ఇబ్బందే, అది ఆవిరై పంపులో చేరుతుంది.

టైటానియం సంగతి పూర్తిగా వేరు. దానికి లోతైన వాక్యూమ్ కావాలి, చల్లార్చడానికి ఆర్గాన్ కావాలి. నైట్రోజన్‌తో అది కలిసిపోయి పైపొర పెళుసవుతుంది. నికెల్ ఎక్కువున్న బాస్కెట్‌కు (జాబ్‌లు పెట్టే లోహపు బుట్టకు) నేరుగా తగలనివ్వకూడదు. ఆ రెండూ విడివిడిగా 1,400 డిగ్రీలు దాటినా కరగవు గానీ, కలిస్తే సుమారు 940 దగ్గరే కరిగిపోతాయి. మధ్యలో సిరామిక్ పలకలు పెట్టి తీరాలి.

(హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని అనే ప్రభుత్వ లోహాల కర్మాగారంలో వాక్యూమ్‌లో లోహాన్ని కరిగించి శుద్ధి చేస్తారు. మేం చేసేది అది కాదు, ఇక్కడ ఏదీ కరగకూడదు.)

అపోహ: వాక్యూమ్‌లో చేస్తే డై సైజు మారదు.

మారుతుంది. గట్టిపడేటప్పుడు ఉక్కు కొద్దిగా ఉబ్బుతుంది, అది దాని గుణం. సాల్ట్ బాత్‌తో (కరిగిన లవణంలో ముంచి వేడిచేసే పాత పద్ధతితో) పోలిస్తే వంపు సాధారణంగా తక్కువే గానీ, మిల్లింగ్‌లో (మిషన్‌పై కోసేటప్పుడు) దాగిన స్ట్రెస్ (లోపలి బిగువు) ఫర్నేస్‌లో బయటపడుతుంది. రఫింగ్ (మొదటి ముతక కోత) తర్వాత ఒకసారి స్ట్రెస్ రిలీవింగ్ (వేడిచేసి ఆ బిగువు వదిలించడం) చేయించండి, గ్రైండింగ్ అలవెన్స్ (చివర్లో అరగదీయడానికి కాస్త అదనపు మందం) ఉంచండి.

అపోహ: మంట లేదు, పొగ లేదు, కాబట్టి ప్రమాదం లేదు.

సైనైడ్ సాల్ట్ పొగల్లో పనిచేసిన పాతవాళ్లకు ఇది స్వర్గంలా కనిపిస్తుంది, నిజమే. కానీ నైట్రోజన్‌కు, ఆర్గాన్‌కు వాసన లేదు, రంగు లేదు. తలుపు తెరిచాం కదా అని ఎలిమెంట్ చూడటానికి లోపలికి వంగితే, ఊపిరాడటం లేదని తెలిసేలోపే స్పృహ పోతుంది. లాగబోయిన రెండో మనిషీ అక్కడే పడిపోతాడు. ఆర్గాన్ గాలికన్నా బరువు, అడుగునే నిలిచిపోతుంది. గ్యాస్ లైన్ వాల్వ్ మూసి తాళం వేయండి. బ్లోయర్‌తో లోపలికి గాలి పంపండి. ఆక్సిజన్ మీటర్‌ను అడుగు దాకా దించి చూడండి. 19.5 శాతం కన్నా తక్కువుంటే తల కూడా లోపల పెట్టొద్దు. ఎవరు లోపలికి వెళ్లినా, బయట ఒక మనిషి కదలకుండా నిలబడి చూస్తూ ఉండాలి, రెండు నిమిషాల పనైనా సరే.