బోర్డులో ఒక్క కుర్చీ: చట్టం అడిగిందేమిటి, దక్కిందెవరికి

ఆడవాళ్లు బోర్డులో ఉంటే కంపెనీ లాభాలు పెరుగుతాయా? చెన్నైలో ఏజీఎంల (వాటాదారుల వార్షిక సమావేశాల) సీజన్ రాగానే మన తెలుగు ఇన్వెస్టర్ల మధ్య ఈ వాదన మొదలవుతుంది. మన చట్టం మాత్రం లాభాల ఊసే ఎత్తలేదు. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్, దాని కింద వచ్చిన నిబంధనలు కోరింది ఇంతే: స్టాక్ మార్కెట్లో లిస్టయిన ప్రతి కంపెనీలో, రూ.100 కోట్ల మూలధనం లేదా రూ.300 కోట్ల టర్నోవర్ ఉన్న ఇతర పబ్లిక్ కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలి. ఆమె ఎవరై ఉండాలో చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

లిస్టయిన కంపెనీలకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన గడువు 2014 అక్టోబర్ నుంచి 2015 ఏప్రిల్‌కు జరిగింది. ఆ మార్చిలో టి.నగర్‌లోని మన ఆడిటర్లకు ఒకటే టెన్షన్. ఛైర్మన్ గారి భార్యకో కోడలికో డిన్ (డైరెక్టర్ గుర్తింపు) నంబరు తీయించాలి, డిజిటల్ సంతకం చేయించాలి, బోర్డు తీర్మానం టైపు కొట్టించాలి. గడువు దాటినవాళ్లకు సెబీ వేసిన జరిమానా రూ.50 వేలతో మొదలైంది. పెద్ద కంపెనీకి అది ఏజీఎం కాఫీ, టిఫిన్ల ఖర్చుకు కూడా చాలదు.

అలాగని ఇంటి ఆడపిల్లలంతా పేరుకే డైరెక్టర్లు అనలేం. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో చెన్నైలో మొదలుపెట్టిన అపోలోను ఆయన కూతుళ్లు ఈ చట్టానికి చాలా ముందు నుంచే నడిపిస్తున్నారు.

సెబీ వేసిన ఉదయ్ కోటక్ కమిటీ 2017లో సిఫార్సు చేశాక రూలు బిగిసింది. మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలు 2019 ఏప్రిల్ నాటికి, మొదటి 1000 కంపెనీలు 2020 ఏప్రిల్ నాటికి స్వతంత్ర మహిళా డైరెక్టర్‌ను పెట్టుకోవాల్సి వచ్చింది. ప్రమోటర్ల, అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమానుల, బంధువులు ఈ లెక్కలోకి రారు.

ఇక లాభాల సంగతి. నార్వే 2003లో 40 శాతం కోటా చట్టం చేసింది. దానివల్ల కంపెనీల విలువ పడిపోయిందని 2012లో ఒక అధ్యయనం చెబితే, ఆ లెక్క నిలవదని తర్వాత వేరేవాళ్లు తేల్చారు. 140 అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణలో ఖాతా పుస్తకాల్లోని లాభాలతో కొద్దిపాటి సంబంధం కనబడింది, మార్కెట్ విలువతో దాదాపు ఏమీ లేదు. పైగా బాగా నడిచే కంపెనీలే మహిళలను పిలుస్తున్నాయేమో! ఒక్క కుర్చీ చూసి లాభనష్టాలు తేల్చడం నాకైతే కుదిరే పనిగా తోచదు.

బోర్డులోకి ఎవరిని రానిస్తారన్నదే అసలు తగాదా అని 2020లో చెన్నైలోనే బయటపడింది. గ్రోమోర్ ఎరువులతో మన రైతులకు తెలిసిన కోరమాండల్, మురుగప్ప గ్రూపుది. ఆ గ్రూపు కంపెనీల్లో వాటాలు పట్టుకుని ఉండే హోల్డింగ్ కంపెనీ అంబాడి ఇన్వెస్ట్‌మెంట్స్ మార్కెట్లో లిస్టు కాలేదు. ఆ కుటుంబంలో 2017లో చనిపోయిన ఎం.వి. మురుగప్పన్ పెద్ద కూతురు వల్లి అరుణాచలం, కుటుంబంలో తమ శాఖకు అంబాడిలో 8 శాతం పైచిలుకు వాటా ఉంది కనుక బోర్డులో చోటివ్వాలని, లేదంటే సరైన ధరకు ఆ వాటా కొనాలని అడిగారు. ఆడపిల్లనని పక్కన పెడుతున్నారన్నది ఆమె ఆరోపణ. సెప్టెంబర్ ఏజీఎంలో 91 శాతానికి పైగా ఓట్లు ఆమెకు వ్యతిరేకంగా పడ్డాయి. అప్పటికే అదే గ్రూపులోని లిస్టెడ్ కంపెనీల్లో, చట్టం పుణ్యమా అని, బయటి మహిళలు స్వతంత్ర డైరెక్టర్లుగా కూర్చుని ఉన్నారు. ఇంటి కూతురి వివాదం మాత్రం 2023 ఆగస్టులో కుటుంబ రాజీతో ముగిసింది.