40 వేల కాపీలు, ఒక్క టేపు: పాత రాక్ రికార్డుల తగవు ఎక్కడ మొదలైంది?

అరవై దాటిన రాక్ అభిమాని ఇవాళ ఎల్పీ కొనేముందు అడిగేది పాటల గురించి కాదు. అవన్నీ కంఠోపాఠమే, కాలేజీ రోజుల్లో ముల్లు అరిగేదాకా విన్నవే. అడిగేదల్లా ఒకటే: ఈ రికార్డును అసలు టేపు నుంచి నేరుగా కోశారా, మధ్యలో డిజిటల్ ఫైలు దూరిందా? 100 డాలర్ల రీఇష్యూ ఏది బయటికొచ్చినా ఈ ప్రశ్న లేస్తోంది. జవాబు సూటిగా రాకపోతే గొడవ ముదురుతోంది.

సీడీ రావడం, వినైల్ పడిపోవడం, మళ్లీ లేవడం అందరికీ తెలిసిన కథే. దాన్ని పక్కన పెడదాం. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా రీఇష్యూ సంస్థ, అసలు టేపు పేరు చెప్పి డిజిటల్ ఫైళ్లతో రికార్డులు కోస్తోందని 2022 జులైలో బయటపడింది. ఆ వ్యవహారంతోనే ఇదంతా మొదలైందని చాలామంది చెబుతారు. అది సగం నిజం. 2022లో పేలింది, అంతే. మందు కూరింది 2016లో.

అభిమానులు మోఫై అని పిలుచుకునే మొబైల్ ఫిడెలిటీ సౌండ్ ల్యాబ్ 1977 నాటి సంస్థ. అట్ట పై అంచున అడ్డంగా ఉండే 'ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్' పట్టీయే దాని గుర్తు. 1999లో దివాలా తీసింది. 2001లో షికాగోకు చెందిన మ్యూజిక్ డైరెక్ట్ దాన్ని కొని నిలబెట్టింది. 2016లో ఈ సంస్థ సంటానా 1970 నాటి ఆల్బమ్ 'అబ్రాక్సస్'ను 'వన్-స్టెప్' అనే కొత్త పద్ధతిలో తెచ్చింది. 2,500 కాపీలు, ధర 100 డాలర్ల దగ్గర. అవి చప్పున అయిపోయాయి, సెకండ్ హ్యాండ్‌లో ధర ఎన్నో రెట్లయింది. ఆ వన్-స్టెప్‌లో తగ్గిన స్టెప్పులేమిటో తెలిస్తే తక్కిన తగవంతా దానంతటదే విడిపోతుంది.

మామూలు ఎల్పీ తయారీ ఇలా ఉంటుంది. అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ పూత ఉంటుంది. దాన్ని లాకర్ అంటారు. 12 అంగుళాల రికార్డుకు 14 అంగుళాల లాకర్ వాడతారు. లేత్ అనే కోత యంత్రం మీద అది తిరుగుతుంటే వేడి చేసిన ముల్లు గాడి కోస్తుంది. వైపుకు ఒక లాకర్. కోశాక దాన్ని నిల్వ ఉంచకూడదు. మెత్తని పూత మెల్లగా వెనక్కి సర్దుకుంటుంది, సన్నని శబ్దాలు మొద్దుబారతాయి, అందుకని వీలైతే ఆ రోజే పూతకు పంపాలి. అక్కడ లాకర్ మీద వెండి చల్లి, ఆపైన నికెల్ పూత ఎక్కించి ఊడదీస్తారు. వచ్చిన లోహపు అచ్చు 'ఫాదర్'. ఊడదీసేటప్పుడు లాకర్ పాడైపోతుంది, ఇక పనికిరాదు. ఫాదర్ నుంచి 'మదర్', మదర్ నుంచి 'స్టాంపర్' తీస్తారు. ప్రెస్సులో వినైల్ ముద్దను నొక్కేది స్టాంపరే. ఒక్కో స్టాంపర్ సుమారు 1,000 కాపీలకు అరుగుతుంది. మంచి నాణ్యత కావాలంటే 500 దగ్గరే ఆపుతారు.

ఇందులో సుళువు మదర్ దగ్గర ఉంది. ఒక ఫాదర్ నుంచి 5 మదర్లు, ఒక్కో మదర్ నుంచి 5 స్టాంపర్లు తీశామనుకోండి. 25 స్టాంపర్లు, 25 వేల కాపీలు. టేపును ఆడించింది మాత్రం వైపుకు ఒక్కసారే. స్టాంపర్ చీలినా, గీత పడినా మదర్ నుంచి ఇంకోటి తీసుకుంటారు.

వన్-స్టెప్‌లో మదర్ లేదు. లాకర్ మీద నుంచి ఊడదీసిన మొదటి అచ్చునే నేరుగా ప్రెస్సులో పెడతారు. రెండు తరాల నకలు తగ్గుతుంది కాబట్టి గాడిలో రొద తగ్గుతుంది. ఇది ఉత్త ప్రచారం కాదు, చెవికి తెలిసే తేడానే. కానీ ఆ అచ్చు అరిగిపోతే మళ్లీ తీయడానికి వెనక ఏమీ ఉండదు. కొత్త లాకర్ కోయాలి. పూతలో పొక్కు వచ్చినా కొత్త లాకరే. కొత్త లాకర్ అంటే టేపును మళ్లీ మొదటి నుంచి ఆడించడమే.

'అబ్రాక్సస్' 2,500 కాపీలకు వైపుకు మూడు నుంచి అయిదు లాకర్లు సరిపోతాయి. టేపు అన్నిసార్లు ఆడిందంటే నమ్మొచ్చు. 2022లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను వన్-స్టెప్‌లో 40 వేల కాపీలు తెస్తామని సంస్థ ప్రకటించింది. స్టాంపర్‌కు 1,000 చొప్పున వైపుకు 40 లాకర్లు, 500 చొప్పున అయితే 80. పూతలో పోయేవి ఇందులో చేర్చలేదు.

పాత టేపు గురించి తెలిసినవాళ్లెవరైనా ఇక్కడ ఆగిపోతారు. ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడిని జిగురుతో అంటించిందే టేపు. టేపును చదివే హెడ్డు మీదుగా పోయిన ప్రతిసారీ కొంచెం రాలుతుంది. 70ల్లో విరివిగా వాడిన కొన్ని రకాల టేపుల్లో ఆ జిగురు గాలిలోని తేమ పీల్చి బంకబంకగా తయారవుతుంది. ఆడిస్తే హెడ్డుకు అతుక్కుని కీచుమంటుంది, పొడి పెచ్చులుగా లేస్తుంది. అలాంటి టేపును 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు వేడి చేసి ఆరబెడతారు. ఆ తర్వాత కొన్ని వారాలు బాగా ఆడుతుంది, మళ్లీ బంక పడుతుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ మాస్టర్ టేపును 80 సార్లు ఆడించడానికి ఏ మ్యూజిక్ కంపెనీ అయినా ఒప్పుకుంటుందా?

యూట్యూబ్‌లో కొందరు రికార్డుల పిచ్చివాళ్లు వేసిన ప్రశ్న ఇదే. జులై 14న అరిజోనాలోని ఫీనిక్స్‌లో రికార్డుల దుకాణం నడిపే ఒకరు, మోఫై కొన్నేళ్లుగా డిజిటల్ ఫైళ్లతో కోస్తోందని తనకు తెలిసిందంటూ వీడియో పెట్టారు. కాలిఫోర్నియాలోని సెబాస్టపోల్ స్టూడియోకు సంస్థే ఆయన్ని పిలిచింది. కెమెరా ముందు ఇంజినీర్లు నిజమేనన్నారు. ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ రాసిన వివరాల ప్రకారం 2011 చివరికల్లా సంస్థ వినైల్ విడుదలల్లో 60 శాతానికి డిజిటల్ దశ ఉంది. వన్-స్టెప్ రికార్డుల్లో ఒక్కటి తప్ప అన్నిటికీ ఉంది.

సంస్థ వాదనలో పస లేకపోలేదు. చాలా కంపెనీలు మాస్టర్ టేపును తమ భద్రపు గది దాటనివ్వవు. 2008 జూన్‌లో యూనివర్సల్ స్టూడియోస్‌లో చెలరేగిన మంటల్లో మాస్టర్ టేపులు కాలిపోయిన సంగతి 2019లో వెలుగులోకి వచ్చాక ఆ పట్టు ఎందుకో బయటివాళ్లకూ అర్థమైంది. ఇంజినీర్లే పరికరాలు మోసుకుని అక్కడికి వెళ్లి టేపును డీఎస్‌డీ అనే ఒక రకం డిజిటల్ ఫైలుగా ఎత్తుకుని వచ్చేవారు. డీఎస్‌డీ 256 అంటే సెకనుకు సుమారు 1 కోటి 13 లక్షల సార్లు కొలత. లేత్‌కు ఇంకో ఇబ్బంది ఉంది: రాబోయే శబ్దం ఎంత పెద్దదో ఒక చుట్టు ముందే, అంటే 1.8 సెకన్లు ముందే తెలియాలి. అప్పుడే గాడుల మధ్య ఎడం సర్దుతుంది. టేపు నుంచి నేరుగా కోయాలంటే దానికోసం అదనపు హెడ్డున్న ప్రత్యేక మిషన్ కావాలి. ఫైలుతో ఆ బాధ లేదు.

ఇక్కడే చిన్న పిట్టకథ. ఈ 1.8 సెకన్ల కోసమే 70ల చివరి నుంచి చాలా స్టూడియోలు శబ్దాన్ని కాసేపు ఆపి పంపే డిజిటల్ డిలే పెట్టెలు తగిలించాయి. హెడ్డు నుంచి లేత్‌కు వెళ్లే శబ్దం ఆ పెట్టెలోంచే వెళ్లేది. కాబట్టి 80ల్లో కొని బీరువాలో దాచుకున్న 'అచ్చమైన అనలాగ్' ఎల్పీల్లో కొన్నిటికి అప్పుడే డిజిటల్ గాలి తగిలింది. 1985లో డైర్ స్ట్రెయిట్స్ 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్'ను రికార్డు చేసిందే డిజిటల్ టేపు మీద. దాని ఎల్పీ కోసం ఇప్పటికీ ఎగబడుతున్నారు.

అయితే తెలిసో తెలియకో సంస్థ సమర్థకులు ఈ పిట్టకథనే అసలు కథ చేసేశారు. పదకొండేళ్లు విన్నారు కదా, ఒక్కరైనా పట్టుకున్నారా అని. పట్టుకోలేదు. పేరున్న సమీక్షకులు కూడా ఆ రికార్డుల్ని టేపు నుంచి నేరుగా కోసినవాటికి నమూనాగా చూపించి నాలుక కరుచుకున్నారు. పవర్‌లూమ్ చీర బాగుండదని ఎవరన్నారు? నేత, రంగు, అంచు అన్నీ బాగానే ఉండొచ్చు. చేనేత ముద్ర వేసి చేనేత ధరకు అమ్మడం దగ్గరే పేచీ. వన్-స్టెప్ పెట్టెలో వచ్చే కాగితం మీద ఏ దశలు తీసేశారో బొమ్మ గీసి మరీ చూపించారు. కలిపిన దశ ఆ బొమ్మలో లేదు. పింఛను డబ్బుతో ఒక్కో రికార్డు కూడబెట్టుకుంటున్న పెద్దాయనకు చెవి మోసపోయినందుకు కోపం రాలేదు. అట్ట చదివి కొన్నందుకు వచ్చింది.

మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోని బ్యానింగ్‌లో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయింది. అప్పట్లో లాకర్ పళ్లేలు చేసేవి ప్రపంచంలో రెండే, ఇదొకటి. రెండోది జపాన్‌లోని ఎండీసీ. లాకర్లు అంత అపురూపమైన రోజుల్లో, కాపీకి అన్నిటికన్నా ఎక్కువ లాకర్లు తినే పద్ధతిలో 40 వేల కాపీలు ప్రకటించడం వ్యాపార ధైర్యం అనుకోవాలేమో. ముడిసరుకుకే ఇంత కటకటగా ఉన్నా, టేపు సంగతి మాత్రం 2022 దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

ఆగస్టులోనే అమెరికాలో కొనుగోలుదారుల తరఫున ఉమ్మడి దావా పడింది. 2.5 కోట్ల డాలర్ల మేర రాజీ కుదిరింది. రికార్డు తిరిగిస్తే పూర్తి డబ్బు, లేదా రికార్డు ఉంచుకుని 5 శాతం నగదు, లేదంటే 10 శాతం విలువకు మళ్లీ అక్కడే కొనుక్కునే వీలు. ఈ గొడవ బయటపడ్డాక మోఫై తన సైట్‌లో ఒక్కో రికార్డు కింద వరస రాయడం మొదలుపెట్టింది: టేపు వెడల్పు, సెకనుకు 15 అంగుళాలా 30 అంగుళాలా, అక్కడి నుంచి డీఎస్‌డీ ఎంత, అక్కడి నుంచి కన్సోల్, లేత్.

ఇప్పుడు తగవంతా ఇలాంటి వరస రాయని మిగతావాళ్లతోనే. 'మాస్టర్ టేపుల ఆధారంగా' అని ఉంటే అందులో మధ్యలో ఏముందన్న మాట లేదు. ఎప్పుడో ఎత్తిన ఫైలైనా ఆ మాట కింద ఇముడుతుంది. 'అసలు అనలాగ్ టేపు నుంచి లాకర్ కోశాం' అనో, 'ఏఏఏ' (మొదటి నుంచి చివరిదాకా అనలాగే) అనో ఉంటే దానికి కట్టుబడాలి. అనుభవమున్నవాళ్లు గాడులు ముగిసి కాగితం లేబుల్ మొదలయ్యే ముందున్న ఖాళీలో చెక్కిన అక్షరాల కోసం వెతుకుతారు. 1969 నాటి రెండో లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్ తొలి ప్రెస్సింగుల మీద బాబ్ లుడ్విగ్ చెక్కిన 'ఆర్ఎల్' అలా పేరుపడ్డదే. చవక టర్న్‌టేబుళ్ల మీద ముల్లు ఎగిరిపడుతోందని కంపెనీ ఆ కోతను ఆపేసి మెత్తగా మళ్లీ కోయించింది. ఇప్పుడు ఆ మొదటి కోతకే గిరాకీ. అయితే ఆ ఖాళీలో కోసిన మనిషి ఎవరో తెలుస్తుంది గానీ, అతని పక్కన తిరిగింది టేపో ఫైలో తెలియదు. అది కావాలంటే డబ్బు కట్టకముందే అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగాలి.