మెదడుకు ఒక ఎంజైమ్, కాలేయానికి మరొకటి

పరగడుపున 90 ఉన్న షుగర్ భోజనం చేశాక 140 దాకా వెళ్తుంది. మెదడు కణాలకు ఈ తేడా దాదాపు పట్టదు. కాలేయం మాత్రం వెంటనే పని పెంచుతుంది. లోపలికి వచ్చిన గ్లూకోజ్ మళ్లీ బయటికి పోకుండా దానికి ఒక ఫాస్ఫేట్‌ను తగిలించడం రెండు చోట్లా జరిగే మొదటి పని. చేసే ఎంజైములే వేరు: మెదడులో హెక్సోకైనేజ్, కాలేయంలో ముఖ్యంగా గ్లూకోకైనేజ్.

ఎంజైమ్ దేనిమీద పనిచేస్తుందో దాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు. అది కొద్దిగా ఉన్నప్పుడు రెట్టింపు చేస్తే చర్య వేగం కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇంకా పెంచుతూ పోతే ఆ పెరుగుదల మందగిస్తుంది. హోటల్లో పెనాలు నాలుగే ఉంటే, బకెట్లకొద్దీ పిండి రుబ్బి పెట్టినా గంటకు వచ్చే దోసెలు ఒక లెక్క దాటవు కదా, ఇదీ అంతే.

దీన్ని 1913లో బెర్లిన్‌లో లియోనోర్ మైకేలిస్, కెనడా నుంచి వచ్చిన వైద్యురాలు మాడ్ మెంటెన్ అంకెల్లో పట్టుకుని, ఒక సమీకరణంగా రాశారు. పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టే ఇన్వర్టేజ్‌ను తీసుకుని, పంచదార ద్రావణం గాఢతను మారుస్తూ వేగం కొలిచారు. చర్య సాగేకొద్దీ పంచదార తరిగిపోతుంది, పుట్టిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎంజైమ్‌కు అడ్డుపడతాయి. అందుకే వాళ్లు మొదట్లో ఉన్న వేగాన్నే లెక్కలోకి తీసుకున్నారు, ఆమ్లత మారకుండా చూసుకున్నారు. నా దృష్టిలో సమీకరణం కంటే ఈ జాగ్రత్తే గొప్పది.

గరిష్ఠ వేగంలో సగం రావడానికి కావలసిన గాఢతను కేఎం అంటారు. వాళ్ల సమీకరణం ప్రకారం 90 శాతం వేగం కావాలంటే కేఎంకు 9 రెట్ల సబ్‌స్ట్రేట్ ఉండాలి. 99 శాతానికైతే ఏకంగా 99 రెట్లు!

ఇప్పుడు మెదడు సంగతి చూడండి. అక్కడి హెక్సోకైనేజ్‌కు సగం వేగం షుగర్ లెక్కలో 1 దగ్గరే వచ్చేస్తుంది. కణాల లోపల గ్లూకోజ్ రక్తంలో కంటే తక్కువే, అయినా ఎంజైమ్‌కు అది చాలినంత కంటే ఎక్కువ. ఇక 90 అయినా 140 అయినా దానికి ఒకటే. గ్లూకోకైనేజ్‌కు సగం వేగం 140-150 దగ్గర వస్తుంది. అంటే మన భోజనాల హెచ్చుతగ్గులు సరిగ్గా దాని వేగం మారే చోటే పడతాయి. (దాని గ్రాఫ్ కొంచెం ఎస్ ఆకారంలో వంగుతుంది కాబట్టి ఆ మార్పు ఇంకా పదునుగా ఉంటుంది.) క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ ఎప్పుడు వదలాలో తెలుసుకునేదీ ఈ ఎంజైమ్‌తోనే.

ఈ ఎంజైమ్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే దెబ్బతిన్నవాళ్లు ఉంటారు. వాళ్ల బీటా కణాలు గ్లూకోజ్ ఇంకాస్త పెరిగితే గానీ స్పందించవు. దాంతో పరగడుపు షుగర్ చిన్నప్పటి నుంచీ సుమారు 100-145 మధ్య నిలకడగా ఉంటుంది. గర్భిణుల విషయం పక్కన పెడితే, వీళ్లకు మామూలుగా మందులు అక్కర్లేదు; వాడినా ఆ అంకె పెద్దగా కదలదు. అయితే తమ షుగర్ ఈ రకమేనని జన్యు పరీక్షలో తేలాలి. తేలకుండా ఎవరూ మాత్రలు మానేయకూడదు.