చలికాలంలో గుర్రపుశాల కట్టొచ్చా? సైటులో నేను తరచూ వినే అపోహలు

హైదరాబాద్ పక్కన చేవెళ్ల దగ్గర ఐదెకరాలున్న ఒక సారు చికాగో నుంచి ఫోన్ చేశారు. ఎనిమిది గుర్రాలకు శాల, దాని పక్కనే పైకప్పున్న రైడింగ్ అరీనా (స్వారీ చేసే ఇసుక ఆవరణ) కావాలన్నారు. కొలతలు, డబ్బు, గడువు అన్నీ మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేసే ముందు, "మరి వింటర్ వచ్చేస్తోంది కదండీ, మార్చి దాకా ఆగుదామా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది, కానీ ఆయన ఉండే ఊరిని బట్టి చూస్తే ఆ మాట సబబే. షెడ్ల పనిలో నాకు ఇరవై ఏళ్లు కావస్తోంది. కోళ్ల ఫారాలతో మొదలుపెట్టి గుర్రాల దగ్గరికి వచ్చాను. చలికాలం గురించి యజమాని ఒకటంటాడు, మేస్త్రి ఇంకోటంటాడు, సాయిస్ (గుర్రాలను చూసుకునే మనిషి) మరోటంటాడు. ఎవరి భయం వాళ్లది.

అపోహ: చలికాలంలో పునాది, కాంక్రీటు పని పెట్టుకోకూడదు.

చికాగోలో అయితే నిజమే. అక్కడ చలికి నేలలోని నీళ్లే గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, దాంతో పాటు మట్టి పైకి లేస్తుంది. అందుకే అక్కడ ఫుటింగ్‌ను (పునాది అడుగు భాగాన్ని) 42 అంగుళాల లోతుకు, అంటే నేల గడ్డకట్టే లోతు దాటించి వేస్తారు. తప్పనిసరై చలిలో కాంక్రీటు పోస్తే చుట్టూ గుడారం కట్టి లోపల హీటర్లు పెడతారు. అందులోనూ ఒక తిప్పలుంది. హీటర్ పొగ బయటికి పోకపోతే అందులోని కార్బన్ డయాక్సైడ్ పచ్చి ఫ్లోరింగ్‌ను పట్టేసి, పైపొర ముట్టుకుంటే సుద్దలా రాలుతుంది.

మన దేశపు నిర్మాణ ప్రమాణాల్లో (కోడ్) ఒకటైన ఐఎస్ 7861 ప్రకారం వాతావరణం 5 డిగ్రీలకు తగ్గితేనే కాంక్రీటుకు చలి జాగ్రత్తలు మొదలవుతాయి. హైదరాబాద్ నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది కూడా ఎప్పుడో 1946 జనవరిలో. ఇదే కోడ్‌లో ఎండ జాగ్రత్తలు 40 డిగ్రీలు దాటితే మొదలవుతాయి. మనకు ఆ గీత దాటే రోజులు దాదాపు ప్రతి ఎండాకాలంలోనూ వస్తాయి. ఇక వానాకాలమంటారా, జూన్ నుంచి అక్టోబర్ సగం దాకా తవ్విన గుంతలన్నీ బావులే. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరాన్ని ముంచిన వాన గుర్తుందిగా. అందుకే నేను దసరాకు కొలతలు వేసి, దీపావళి దాటాక గుంతలు తీస్తాను.

చలికాలంలో మా పని నిజంగా ఆగేది సంక్రాంతికి. భోగికి ఊరెళ్లిన గ్యాంగు కనుమ మర్నాడే తిరిగొస్తుందని లెక్క వేసుకున్నవాడికి అనుభవం లేనట్టే. పది రోజులు పోయాయనుకుని, ఆ పది రోజుల్లో మనుషులు అవసరం లేని దశకు పనిని తెచ్చి పెట్టాలి. నేనైతే శ్లాబు సంక్రాంతికి ముందే పోసేసి, నీళ్లు కొట్టడానికి ఒక్క వాచ్‌మన్‌ను ఉంచుతాను.

అపోహ: చల్లగానే ఉందిగా, క్యూరింగ్ ఎందుకు?

క్యూరింగ్ అంటే పోసిన కాంక్రీటు ఆరిపోకుండా తడుపుతూ ఉండటం. చలికాలంలో అది అక్కర్లేదన్నది మేస్త్రీల మాట. "సలికాలం నీల్లెందుకు సారు, పొద్దుగాల మంచు పడ్తనే ఉంది గద" అంటాడు మా మేస్త్రి. పొద్దున్నే శ్లాబు తడిగా కనిపిస్తుంది, నిజమే. కానీ డిసెంబర్ మధ్యాహ్నం సైటులో నిలబడి చూడండి. 28 డిగ్రీల ఎండ, పెదవులు పగిలే పొడిగాలి. మనిషి పెదవి పగిలే గాలికి పచ్చి కాంక్రీటు పగలదా? అరీనా చుట్టూ వేసే ప్లింత్, శాల ఫ్లోరింగ్ లాంటి వెడల్పాటి, పలుచని పనుల్లో వెంట్రుకవాసి పగుళ్లు మొదట వచ్చేది ఈ గాలికే. ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఇప్పుడు మార్కెట్లో మన చేతికొచ్చే బస్తాల్లో ఎక్కువ భాగం పీపీసీయే. కాబట్టి పది రోజులు గోనె పట్టాలు కప్పి తడుపుతూనే ఉండాలి.

సెంట్రింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే చెక్కలు, పోట్లు (నిలువు ఊతలు), విప్పే విషయంలో ఇంకో మెలిక ఉంది. 4.5 మీటర్ల లోపు శ్లాబుకు 7 రోజులు, 6 మీటర్ల లోపు బీముకు 14 రోజులు అని పోట్లు తీసే లెక్క మేస్త్రీలందరికీ కంఠతా వచ్చు. అయితే కోడ్‌లో ఆ లెక్క రాసింది ఓపీసీకి, వాతావరణం 15 డిగ్రీలకు తగ్గని పరిస్థితికి. మొయినాబాద్, చేవెళ్ల వైపు జనవరి రాత్రులు ఆ గీతకు కిందే ఉంటాయి, పైగా మనం వాడేది నిదానంగా గట్టిపడే పీపీసీ. ఇంకో మూడు నాలుగు రోజులు పోట్లు ఉంచితే అద్దె కొంచెం పెరుగుతుంది, అంతే. గడ్డి అటక కింద గుర్రం నిలబడే చోట ఆ డబ్బు మిగుల్చుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

అపోహ: నేల రాయిలా ఉంది, పునాది లోతుగా అక్కర్లేదు.

ఈ పాఠానికి ఫీజు నేనే కట్టాను. నా రెండో గుర్రపుశాల శంకర్‌పల్లి వైపు నల్లరేగడిలో కట్టాను. డిసెంబర్‌లో గడ్డపార దిగనంత గట్టి నేల. పైన ఒక అడుగు గీకించి, మొరం పోసి, రోలర్ తిప్పించి ఫ్లోరింగ్ వేశాం. చూడ్డానికి అద్దంలా వచ్చింది. జూలైలో సాయిస్ ఫోన్ చేశాడు, మూడు బాక్సుల (గుర్రాల గదుల) తలుపులు తెరుచుకోవట్లేదని. వెళ్లి చూస్తే గచ్చు మధ్యలో తాబేలు వీపులా లేచి, తలుపు అడుగు నేలకు పట్టేసింది. ఎండినప్పుడు నెర్రెలిచ్చే రేగడి తడిస్తే ఉబ్బుతుందని పుస్తకంలో చదివినవాణ్ణే. కళ్లముందు గట్టిగా కనిపించేసరికి మర్చిపోయాను. ఆ గచ్చంతా సొంత ఖర్చుతో పగలగొట్టించి మళ్లీ వేశాను.

చలికాలపు నేల అబద్ధం చెబుతుంది. అందుకే ఏ కాలంలో మొదలుపెట్టినా ముందు నాలుగైదు చోట్ల గుంత తీయించి కింద ఏముందో చూస్తాను. ఎర్రనేల, మొరం, దాని కింద గ్రానైట్ రాయి తగిలితే అదృష్టం. రేగడి పలుచగా ఉంటే మొత్తం తీసేసి, మంచి మొరం పావు మీటరు పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి రోలర్ తిప్పాలి. లోతుగా ఉంటే అరీనా స్తంభాలకు అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) వేయడం మేలు. కింద గడ్డలా ఉబ్బిన చివర ఉండే ఈ పైల్‌ను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసింది. ఆ గడ్డ మట్టి ఉబ్బూ కుంగూ తెలియని లోతుకు, మామూలుగా మూడున్నర మీటర్లకు పట్టు పడుతుంది.

అపోహ: చలికి గుర్రాలు తట్టుకోలేవు, శాలను నాలుగు వైపులా మూసేయాలి.

నా దృష్టిలో అన్నిటికంటే చెడు చేసే అపోహ ఇదే, గుర్రం మీద ప్రేమతో చేస్తారు కాబట్టి. డిసెంబర్ రాగానే టార్పాలిన్లు దించేస్తారు, వెంటిలేటర్లకు గోనెలు కుక్కుతారు.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం సుమారు 5 డిగ్రీల వరకు అదనపు శ్రమ లేకుండా ఒంటి వేడి నిలుపుకుంటుంది. వెంట్రుక దట్టంగా పెరిగే చలిదేశపు గుర్రాలు ఇంకా చాలా కిందికి తట్టుకుంటాయి. హైదరాబాద్ మలక్‌పేటలో 1886లోనే గుర్రప్పందేలు మొదలయ్యాయి. అక్కడ ఒక సీజన్‌కు సీజన్ వింటర్ పేరు మీదే నడుస్తుంది. గుర్రానికి హైదరాబాద్ చలికాలం హాయి, మే నెలే నరకం.

మూసేసిన శాలలో ఏం జరుగుతుందో చూడండి. ఒక్కో గుర్రం పేడ, మూత్రం కలిపి రోజుకు 20 కిలోలు దాటుతుంది. మూత్రం నుంచి అమ్మోనియా లేస్తుంది. గుర్రం మేత కోసం తల దించేది, పడుకునేది ఆ పరుపు దగ్గరే కాబట్టి ఆ ఘాటు ముందు దాని ముక్కుకే తగులుతుంది. దానికి వరిగడ్డి దుమ్ము, బూజు తోడైతే దగ్గు, ఆయాసం. ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలదు. పొద్దున్నే తలుపు తీయగానే మీ కళ్లు మండాయంటే రాత్రంతా ఆ గుర్రం ఏం పీల్చిందో అర్థం చేసుకోండి.

తగ్గించాల్సింది గుర్రం ఒంటికి నేరుగా కొట్టే ఈదురుగాలినే. గోడ దాని వీపు ఎత్తు దాకా కట్టి, ఆ పైన తెరిచి ఉంచి, కప్పు శిఖరం దగ్గర పొడవునా సందు వదలండి. అప్పుడే పుట్టిన పిల్లలు, ముసలివి, చిక్కిపోయినవి, వెంట్రుక కత్తిరించినవి ఉంటే వాటికి కంబళి కప్పండి. వాటి కోసం మిగతా గుర్రాలకు గాలి ఆపొద్దు.

అపోహ: వాన లేకుండానే రేకు కారుతోందంటే స్క్రూలు సరిగా బిగించలేదు.

ఈ ఫోన్ నాకు ఏటా జనవరిలో వస్తుంది. మబ్బు లేని రాత్రి రేకు ఆకాశానికి వేడి వదిలి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గుర్రాల ఊపిరిలోని తేమ, తడిపిన అరీనా ఇసుక నుంచి లేచే తేమ వెళ్లి దాని అడుగున పట్టి చుక్కలుగా రాలతాయి. స్క్రూ ఎంత బిగించినా అది ఆగదు. రేకు కింద ఇన్సులేషన్ పొర, శిఖరం దగ్గర గాలి దారి ఉంటేనే ఆగుతుంది. ఇన్సులేషన్‌కు డబ్బు ఎందుకని జనవరిలో గొణిగినవాళ్లు ఏప్రిల్ ఎండల్లో ఆ మాట ఎత్తరు.

అలా చల్లబడ్డ రేకు పైన పడే పొద్దుటి మంచు పనివాళ్లకూ ప్రమాదం. తడి రేకు మీద కాలు నిలవదు. చలికాలంలో తొమ్మిది దాటితే గానీ నేను ఎవర్నీ పైకప్పు ఎక్కనివ్వను. ఇనుముకు రంగు కూడా అప్పుడే. చెమ్మ మీద వేసిన రంగు తర్వాత పొరలుగా లేచిపోతుంది.

అపోహ: అమెరికా డ్రాయింగ్ ఉంది, అదే దించేస్తే చాలు.

అక్కడి పైకప్పు లెక్కంతా దాని మీద పేరుకునే మంచు బరువుది, కిందికి నొక్కే బరువు. మనకు కప్పు మీద అలా పేరుకునే మంచు లేదు. ఏప్రిల్, మేలలో వచ్చే గాలివాన ఉంది, అది పక్కలు తెరిచిన షెడ్డులోకి దూరి కప్పును పైకి లేపుతుంది. కట్టడాల మీద పడే బరువుల కోడ్ ఐఎస్ 875 హైదరాబాద్‌కు లెక్కల కోసం ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. చలికాలంలో కట్టిన అరీనాకు మొదటి పరీక్ష ఈ గాలివానే. స్తంభాలను పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్టులు, ఏటవాలు బ్రేసింగ్, పర్లిన్ల (రేకు కింది అడ్డ దూలాల) క్లిప్పులు ఇక్కడి ఇంజినీర్ మళ్లీ లెక్కకట్టాల్సిందే.

కప్పు మధ్యలో పారదర్శక రేకులు కూడా ఆ డ్రాయింగుల్లో చూసి అడుగుతారు. వాటి కింద నేల మీద పడే ఎండ పట్టీలను చూసి కొన్ని గుర్రాలు బెదిరి గెంతుతాయి. ఆ రేకులు పక్క గోడల పైభాగంలో వేస్తే వెలుతురూ వస్తుంది, రైడరూ కింద పడడు.

అపోహ: అరీనా అంటే ఇసుక పోయడమే.

కనీసం 20 మీటర్లకు 40 మీటర్ల అరీనాలో మూడంగుళాల ఇసుకంటే 60 క్యూబిక్ మీటర్లు, దాదాపు వంద టన్నులు. కింద బేస్ సరిగా దిమ్మిస కొట్టకుండా ఇంత ఇసుక పోస్తే ఆర్నెల్లకు మొరం పైకొచ్చి అంతా కలిసిపోతుంది. గుండ్రటి నది ఇసుక కాలి కింద జారుతుంది. రోబో శాండ్ (రాయిని నలిపి చేసిన ఇసుక) పట్టు ఇస్తుంది కానీ అందులోని పొడి కడగకపోతే దుమ్ము. పైకప్పు కింద వాన పడదు కాబట్టి తడిపే పని మీదే, పొడిగాలి వీచే చలికాలంలో మరీ ఎక్కువ. దానికి మార్గం పైనే ఉంది. ఒక్క అంగుళం వాన పడితే ఆ కప్పు మీంచి 20 వేల లీటర్లు దిగుతాయి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. గట్టర్లు పెట్టి సంపులోకి మళ్లించండి. లేకపోతే ఆ నీళ్లే స్తంభాల మొదట్లోకి పోతాయి.

అపోహ: పొలంలో షెడ్డే కదా, పర్మిషన్ దేనికి?

పొలంలో రైడింగ్ స్కూల్ నడపాలంటే నాలా కన్వర్షన్ (సాగు భూమిని సాగేతర వాడకానికి మార్చుకోవడం) సంగతి తేల్చుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల రక్షణకు నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో కింద 84 గ్రామాలున్నాయి, మొయినాబాద్ వైపు భూముల్లో చాలా వాటికి ఆ చరిత్ర ఉంది. 2022లో దాన్ని సడలిస్తూ ఇంకో జీవో వచ్చినా, మీ సర్వే నంబరు ఏ నిబంధన కింద ఉందో రాతపూర్వకంగా తెలుసుకోండి. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ కూడా చూడండి. నవంబర్‌లో ఎండిన చెరువు అంచు మామూలు పొలంలాగే కనిపిస్తుంది.

చికాగో సారు చివరికి మార్చి దాకా ఆగలేదు, డిసెంబర్‌లోనే మొదలుపెట్టాం. ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవలేదు. ప్రతి బాక్సులో హీటర్‌కు పాయింటు ఉండాలన్నారు. సరేనని గుర్రం మూతికి అందని ఎత్తులో, ఎలుకలు కొరకకుండా ఇనుప పైపులో వైరు లాగి, మంచి ఎర్తింగ్‌తో ఎనిమిది పాయింట్లు ఇచ్చాను. మొన్న మేలో వెళ్తే ఆ ఎనిమిదింటికీ ఫ్యాన్లు తిరుగుతున్నాయి.